జరీనా ఆపా, బాదం ఆకులు

వేసవి అంతా మూసి ఉంచిన కారవాన్ తలుపు తెరిస్తే ఒక వాసన వస్తుంది. ఎండకు ఉడికిన స్పాంజి పరుపులు, గ్యాసు గొట్టం రబ్బరు, ఎప్పుడో ఎవరో పొంగించిన పాలు, అన్నీ కలిసి వేడిగా ముఖానికి తగులుతాయి. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. పెద్ద బండి వెనక తగిలించుకుని కొండకో ఎడారికో తీసుకుపోయి నిలుపుకుంటే అందులోనే వంట, అందులోనే పడక. దుబాయ్‌లో ఎండ తగ్గి సాయంత్రాలు కాస్త మెత్తబడగానే, అల్ వర్సాన్‌లో గిడ్డంగుల వెనక ఉన్న మా యార్డులో ఆ తలుపులు ఒక్కొక్కటే తెరుస్తాను. ఈ ఏడు కూడా పోయిన నెల తెరిచాను. మెట్టు మీద నిలబడి ఆ వాసన పీల్చుకుంటే, పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జరీనా ఆపా కూర్చున్నట్టే అనిపించింది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. మా ఊరు అక్కడికి పెద్ద దూరం కాదు. ఇంట్లో ఉర్దూ, మాతో మా సీమ తెలుగు, బండ్లు తోలేవాళ్ళతో హిందీ, అరబ్బులతో అరబ్బీ, అన్నీ ఒకే గొంతుతో, ఒకే దబాయింపుతో మాట్లాడేది. వయసులో దుబాయ్ వచ్చి ఒక అరబ్బుల ఇంట్లో వంటకు కుదిరింది. చలికాలంలో ఆ కుటుంబం ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉండేది. వాళ్ళతో పోయి ఇసుకలో పొయ్యి పెట్టి అందరికీ వండి పెట్టేది. ఆ ఇంటి పెద్దకొడుకు తరవాత కారవాన్లు కొని అద్దెకివ్వడం మొదలుపెట్టి, లోపలి పనంతా ఆపా చేతిలో పెట్టాడు. అతన్ని మేమంతా అర్బాబ్ అంటాం, యజమాని అని.

నేను షార్జాలో ఒక ఇంట్లో పని చేసేదాన్ని. ఆ ఇంటివాళ్ళు తమ దేశం వెళ్ళిపోతూ నన్నూ ఇంటికి పంపేస్తామన్నారు. ఇల్లంటే నాకు మా అన్న ఇల్లు. భర్త పోయాక అక్కడే ఉన్నాను. అన్న కాదనడు, వదిన చెడ్డది కాదు. కానీ కడిగిన గ్లాసు ఎక్కడ బోర్లించాలో కూడా అడిగి బోర్లించాల్సిన ఇల్లు అది. పరాయి దేశంలో పరాయివాళ్ళ అంట్లు తోముకున్నా, సాయంత్రానికి నా మంచం నాది అనిపించేది. ఆ మంచం పోతుందని ఏడుస్తుంటే, తెలిసినవాళ్ళు ఆపా దగ్గరికి పంపారు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఊడ్సడం వచ్చునా మే?" అని అడిగింది. వచ్చన్నాను. "అదొక్కటి వస్తే సాలు. మిగతాది నేను నేర్పుతా" అంది.

ఆమె నేర్పిన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. నలభై దాటాక ఫోనులో పాఠాలు పెట్టుకుని నేర్చుకున్న చదువు నాది. ఆపాకు ఖురాను చదవడం వచ్చు గాని ఏదీ రాసుకునే అలవాటు లేదు. అందుకని బండి బయటికి పోయే ముందు, యార్డులోనే ఆ ప్రయాణం మొత్తం ఒకసారి బతికి చూడాలి. దాన్ని ఆమె 'ఉత్తుత్తి సఫర్' అనేది, ఉత్తుత్తి ప్రయాణం అని. నేను లోపలికి ఎక్కాలి. టీ పెట్టాలి, అన్నం వండాలి, గిన్నెలు కడగాలి, పరుపు పరిచి పడుకోవాలి, లేవాలి. దేనికోసమూ కిందికి దిగకూడదు. దిగాల్సి వచ్చిందంటే ఆ వస్తువు బండిలో మరిచిపోయినట్టే. ఆమె కింద కుర్చీలో తసబీహ్ జపమాల పూసలు తిప్పుతూ కాపలా ఉండేది.

మొదటిసారి నేను అన్నం వార్చాక చూసుకుంటే ఉప్పు లేదు. మెల్లగా మెట్టు మీద కాలు పెట్టాను.

"యాడికి మే?"

"ఉప్పు మరిచిపోయినా ఆపా. గదిలో ఉంది, ఇప్పుడే తెస్తా."

"కొండమీద ఉండావు నువ్వు. కింద మీ మేనమామ అంగడి పెట్టుకొని కూర్చున్యాడా ఉప్పు ఇచ్చేదానికి?"

"ఉత్తుత్తికే కదా ఆపా."

"ఉత్తుత్తికే. కడుపుకు కూడా చెప్పు, ఉత్తుత్తికే తిన్నామని."

ఆ పూట చప్పిడి అన్నమే తిన్నాను. ఆమె కూడా లోపలికొచ్చి నాతోపాటు అదే తింది. తరవాత ఏ బండిలోనూ నేను ఉప్పు మరిచిపోలేదు.

ఆ తరవాతి మార్చిలో కరోనా వచ్చింది. యార్డుకు గొలుసు వేశారు. వేసవి అంతా బండ్ల మీద ఇసుక పేరుకుంది. మేమిద్దరం యార్డు పక్కన మా గదిలో కూర్చుని, ఎవరెవరిని ఇంటికి పంపేశారో వింటూ గడిపాం. ఎండలు తగ్గాక గొలుసు తీశారు గాని అర్బాబ్ ముఖంలో నవ్వు లేదు. యార్డంతా ఒకసారి తిరిగి ఆపాతో అరబ్బీలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. ఆపా నాకు తెలుగు చేసి చెప్పింది. "ఈ సలికాలం జనం వస్తే సరే. మొదట వచ్చినోళ్ళే మొగం మాడ్సుకుని పోతే ఖలాస్ అంట. బండ్లు అమ్మేస్తాడంట. మనిద్దరికీ టికెట్లు తీస్తాడంట." చెప్పి, ఏమీ జరగనట్టు గుడ్డ తీసుకుని బండి అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం మా వదిన వంటింట్లో గ్లాసుల వరస కళ్ళముందు కనిపించింది.

మొదట వచ్చినవాడు మూర్తి సార్. రాజమండ్రి వైపు మనిషి, దుబాయ్‌లోనే ఏదో ఆఫీసులో పని. మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ, మళ్ళీ పైకి పెట్టుకుంటూ, ఫోనులో ఫోటోలు చూపించాడు. అమెరికాలో ఏదో పెద్ద పార్కు. చెట్లన్నీ నిప్పంటుకున్నట్టు ఎర్రగా, పసుపుగా ఉన్నాయి. నేల కనిపించకుండా ఆకులు. మధ్యలో మా కారవాన్ లాంటిదే ఒక బండి, ముందు రెండు కుర్చీలు.

"ఈ ఏడాది అక్కడికే వెళ్దామనుకున్నామండీ. ఎన్నాళ్ళనుంచో అనుకున్నదే. విమానాల సంగతి చూశారుగా, వెళ్తే తిరిగి రానిస్తారో లేదో. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సమ్మా. ఈ వేసవంతా కోవిడ్ వార్డే. ఇప్పుడు కాస్త సెలవిచ్చారు. ఇంట్లో ఉంటే గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. మాటే తగ్గిపోయింది." ఫోను జేబులో పెట్టుకోబోయి మళ్ళీ చూశాడు. "ఇలాంటి చోటు ఇక్కడ ఉండదనుకోండి. ఇది ఎడారి కదా."

"ఆకులు ఎర్రగా ఉండాల. రాలి కింద పడి ఉండాల. అంతే కదా సార్?" అంది ఆపా.

"అంతేనమ్మా."

"బాదం చెట్టుకు ఎవురు చెప్పినారు సార్, ఇది ఎడారి అని? దాని టైం వస్తే అది ఎర్రబడతాది."

ఫుజైరా కొండల్లో అర్బాబ్ బంధువుల తోట ఒకటి ఉంది. నీళ్ళ తొట్టి చుట్టూ పాత బాదం చెట్లు. చలిగాలి మొదలైతే ఆ ఆకులు ఎర్రబడి రాలతాయని, ఎడారి గుడారాల రోజుల్లో ఆ తోటలో దిగి వంట చేసిన ఆపాకు తెలుసు. ఆమె తోట కాపలావాడికి ఫోన్ చేసి, "ఆకులు పడతాండాయా లేదా, అది సెప్పు" అని హిందీలో అడిగింది. పడుతున్నాయన్నాడు. సార్ ముఖం విప్పారింది. నేను సరుకుల గురించి, నీళ్ళ తొట్టి నింపడం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

ఇంతలో ఆపాకు జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే అదే. తీసుకుపోవడానికి బండి వచ్చినప్పుడు నేను గది గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాను. ఆమె సంచీ చంకన పెట్టుకుని, దూరంగా ఆగి, "బండెక్కేది నేను. కన్నీళ్ళు నీకెందుకు మే?" అంది. మెట్టెక్కాక మళ్ళీ తిరిగింది. "సఫర్ ఆపొద్దు. సార్‌కు మాట ఇచ్చినాం. ఉత్తుత్తి సఫర్ చెయ్యకుండా మాత్రం బండి కదలకూడదు." నన్ను కూడా కొన్నాళ్ళు గదిలోంచి కదలనివ్వలేదు. నాకు లేదని తేలి తలుపు తీసేసరికి, సార్ బయలుదేరే రోజు దగ్గర పడింది.

ఒక్కదాన్నే బండెక్కి ఉత్తుత్తి సఫర్ చేశాను. కింద కుర్చీ ఖాళీగా ఉంది. అయినా దిగలేదు. టీ వడగట్టు గుర్తొచ్చింది, దోమల బత్తి గుర్తొచ్చింది, ఎత్తుపల్లాల నేల మీద చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు గుర్తొచ్చాయి. నర్సు కదా, కాళ్ళు లాగుతుంటాయేమోనని వేడినీళ్ళు పోసుకునే టబ్బు కూడా పెట్టాను. వండుకుని తిని పడుకుని లేచాను. దేనికీ దిగాల్సిన పని పడలేదు. ఆపా ఉంటే మెచ్చుకునేదనిపించి ఆ రోజు ధైర్యంగా ఉంది.

బండి తోలింది ఖాన్ భాయ్. పెషావర్ వైపు మనిషి, గడ్డం నెరిసింది, నెమ్మది. మేం తెల్లవారుతుండగానే తోటకు చేరాం. సార్ వాళ్ళు మధ్యాహ్నానికి తమ కారులో వస్తారు. ఖాన్ భాయ్ కారవాన్‌ను బాదం చెట్ల కింద నిలిపి, దిమ్మలు సరిచేసి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని నమాజుకు పోయాడు. నేను చుట్టూ చూశాను. నేలంతా ఆకులు. అరచేతికన్నా పెద్దవి. కొన్ని రాగి చెంబు రంగు, కొన్ని మిరపపండు రంగు, కొన్ని సగం ఆకుపచ్చ సగం పసుపు. అడుగు వేస్తే కరకరమంటున్నాయి.

అతిథులు వచ్చే తావు ఇట్లా ఉండవచ్చునా అనుకున్నాను.

కాపలావాడి దగ్గర ఖర్జూరపు మట్టల చీపురు అడిగి తెచ్చుకున్నాను. కొంగు బిగించి, తొట్టి దగ్గర మొదలుపెట్టి కారవాన్ చుట్టూ, చెట్ల మొదళ్ళ వరకు ఊడ్చాను. నాకు తృప్తిగా ఊడ్వడం మొదటినుంచీ ఇష్టం. నేల మీద చీపురు గీతలు చాపలాగా వరసగా పడాలి. ఆకులన్నీ నల్ల సంచుల్లో కుక్కి మూతులు కట్టాను. నీళ్ళు చల్లాను. మెట్టు ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు కూడా వేశాను. నమాజు నుంచి వచ్చిన ఖాన్ భాయ్ చెప్పులు విడిచి పక్కన పెట్టి, "వాహ్ బహెన్, మసీదు లాగా ఉంది" అన్నాడు. ఆపాకు చూపించాలనిపించింది.

కాపలావాడి గది దగ్గర సిగ్నల్ అందుతుంది. అక్కడ నిలబడి వీడియో కలిపాను. ఆపా, కరోనా వచ్చినవాళ్ళను ఉంచే హోటలు గదిలో దిండుకు ఆనుకుని ఉంది. ముఖం పీక్కుపోయింది, గొంతు బొంగురుపోయింది, కానీ కళ్ళు అవే. "లోపల సూపీ" అంది. ఫోను పట్టుకుని నడిచి లోపల చూపించాను. వడగట్టు, దిమ్మలు, టబ్బు, అన్నిటికీ తల ఊపింది. "బయట సూపీ" అంది. చూపించాను. ఆమె కళ్ళు చికిలించి ఫోను దగ్గరికి తెచ్చుకుంది. బొమ్మ సరిగా రావడం లేదేమో అనుకున్నాను.

"ఆకులేవి మే?"

"యా ఆకులు ఆపా?"

"ఆ సార్ యా ఆకుల కోసం వస్తాండాడో ఆ ఆకులు."

"చెట్టుకున్నాయి కదా. కిందవన్నీ ఊడ్చి సంచుల్లో కట్టేసినా. చూడు, ఒక్కటన్నా ఉందా?" అని గర్వంగా ఫోను నేలకేసి తిప్పాను.

అన్నాక, ఆ మాట నా చెవిన నాకే పడింది. ఫోటోలో నేల కనిపించని ఆకులు గుర్తొచ్చాయి. గోడకేసి చూస్తూ కూర్చునే మనిషి గుర్తొచ్చింది. మొదట వచ్చినోళ్ళే మొగం మాడ్సుకుని పోతే, అన్న మాట గుర్తొచ్చింది. ఇక నాకు టికెట్ తీసినట్టే అనుకున్నాను.

ఫోనులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాను. ఆపా నవ్వుతోంది. నవ్వి, దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. "అరే రమణమ్మా. వాళ్ళు మన ఆవకాయ తినేదానికి వస్తే జాడీ కడిగి బోర్లించినావే."

"ఇప్పుడెట్ల ఆపా?"

"సంచులు కాల్చేసినావా?"

"లేదు."

"మరి ఏడ్సేదేముంది? విప్పు. కుప్ప పొయ్యొద్దు. సెనిక్కాయలు ఎండబోసినట్టు కూడా పొయ్యొద్దు. సెట్టు పోసినట్టు పొయ్యి."

"చెట్టు ఎట్ల పోస్తాది?"

"నన్నడుగుతావేంది, ఫోను తీసి పక్కన పెట్టి పైకి సూడు."

చూశాను. ఒక ఆకు ఊడింది. తిన్నగా పడలేదు. అటొకసారి ఇటొకసారి ఊగి, చెట్టుకు దూరంగా, తిరగబడి పడింది. ఇంకొకటి కారవాన్ కప్పు మీద ఆగి, గాలికి జారి కింద పడింది. కింద నుంచి చల్లితే అట్లా పడవని అర్థమైంది. ఖాన్ భాయ్‌కి సంగతి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, సంచుల వైపు చూసి, వెనక నిచ్చెన పట్టుకుని కారవాన్ కప్పు ఎక్కాడు. నేను సంచులు అందించాను. ఆయన గుప్పెడు గుప్పెడు గాలికి వదిలాడు. "జిందగీలో క్రేన్ తోలాను, ట్రైలర్ తోలాను. చెట్టు ఉద్యోగం ఇదే మొదలు" అన్నాడు పైనుంచి. తరవాత నేనూ ఎక్కాను. తడి నేల మీద కొన్ని అతుక్కున్నాయి, కొన్ని తొట్టి నీళ్ళలో పడ్డాయి, కొన్ని కుర్చీల్లో పడ్డాయి. కుర్చీల్లోవి తియ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చివరి సంచీ దులుపుతుండగా కారు చప్పుడు వినిపించింది. ఇద్దరం నిచ్చెన మీద ఒకరి వెనక ఒకరం దిగి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాం. ఖాన్ భాయ్ గడ్డంలో ఆకు తునక ఒకటి ఉండిపోయింది.

మేడం సన్నగా ఉంది. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు అంచుల ముద్ర నల్లగా ఉండిపోయింది. దిగి కదలకుండా నిలబడింది. సార్ సామాను దించుతూ మాటిమాటికీ ఆమెను చూస్తున్నాడు. ఆమె మెల్లగా ఆకుల మీద నడిచింది. ఆ కరకర చప్పుడుకు ఆగి, మళ్ళీ నడిచింది. మెట్టు మీద కూర్చుని, కాళ్ళ దగ్గరి ఆకు ఒకటి తీసి చూసుకుంది. ఇంకొకటి తీసింది. కింద నా ముగ్గు బయటపడింది. చీపురు గీతలూ బయటపడ్డాయి.

"ఇక్కడ ఎవరైనా ఊడ్చారా?" అంది.

"ఊడ్చినాను మేడం."

"మరి ఇవి?"

"మళ్ళీ పోసినాము."

ఆమె పైకి చూసింది. "చెట్టెక్కారా?"

"బండెక్కినాం మేడం."

ఆమె నన్ను చూసింది, ఖాన్ భాయ్ గడ్డం చూసింది. పెదవి అదిరింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ముందు చిన్నగా, తరవాత ముఖం మోకాళ్ళలో పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వింది. సార్ చేతిలో పెట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "చాన్నాళ్ళయిందమ్మా" అన్నాడు నాతో, నెమ్మదిగా. నాకు అప్పుడు ఊపిరి ఆడింది.

వాళ్ళున్నన్ని రోజులూ నేను తోట అవతల కాపలావాడి గది పక్కనే ఉన్నాను. ఏదైనా లేదని పిలుస్తారేమోనని చెవి అటే ఉంచాను. పిలవలేదు. వెళ్ళేటప్పుడు మేడం ఆకులు కొన్ని దుపట్టాలో చుట్టుకుని పోయింది. తరవాతి వారాల్లో సార్ ఆఫీసువాళ్ళు, మేడం ఆస్పత్రివాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఫోన్లు చేశారు. ఆకులు పరిచే మనుషులు మీరేనా అని ఒకావిడ అడిగింది. అర్బాబ్ వచ్చి యార్డు తిరిగి, బండ్ల టైర్లు చేత్తో తట్టి, "ఖలాస్, ఉంటాయి" అన్నాడు. అదే ఖలాస్ మాట, ఈసారి చల్లగా వినిపించింది.

ఆపా నయమై వచ్చింది. చిక్కిపోయింది, మెట్టెక్కితే ఆయాసపడేది. "నాలుక చచ్చిపోయిందే, సంగటి చెయ్యి" అంది రాగానే. తిన్నాక, నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఒక బండెక్కి, బల్ల దగ్గర కూర్చుని, కిటికీ రెక్క తోసింది. ఎదురుగా గిడ్డంగి రేకు గోడ.

"తోటలో ఈ కిటికీ తెరిచి సూసినావా నువ్వు, ఊడ్సేముందు?"

"లేదు ఆపా."

"నేను మాత్రం ఎప్పుడన్నా తెరిచి సూసినానా. ఇన్నేండ్లూ లోపల ఉప్పుందా, గ్యాసుందా అనే సూసినాను. వాళ్ళు వచ్చేది ఉప్పు కోసం కాదు కదా మే." కాసేపు ఆ రేకు గోడనే చూసింది. "నీకు నేర్పింది నేనే. సగమే నేర్పినా."

అప్పటినుంచి ఉత్తుత్తి సఫర్‌కు ఒక చివరి పని చేరింది. తావుకు చేరి బండి నిలిపాక, చీపురు ముట్టుకునే ముందు, వచ్చేవాళ్ళు కూర్చునే చోట కూర్చోవాలి. కిటికీ తెరవాలి. వాళ్ళు ఏం చూడ్డానికి వస్తున్నామని చెప్పారో అది కనిపిస్తోందా చూడాలి. ఇంకో చలికాలం నాతో తిరిగి, ఆపా తనంతట తానే రాయచోటికి వెళ్ళిపోయింది. ఎవరో టికెట్ తీసి పంపించేదాకా ఉండనంది. వెళ్ళేముందు అర్బాబ్‌తో, ఇకమీదట లోపలి పని ఈమెది అని చెప్పింది. బయటి పని కూడా, అని ఒక క్షణం ఆగి చేర్చింది. ఇప్పుడు శుక్రవారాల్లో ఫోన్ చేస్తుంది. ఆయాసం తగ్గింది. బండ్ల గురించి అడగదు, ఏ తావులో ఏం కనిపిస్తోందో చెప్పమంటుంది.

ఈ సీజను మొదటి సఫర్ పోయిన వారం. పిల్లలున్న కుటుంబం, నక్షత్రాలు చూడాలని ఎడారి లోపలికి పోతామన్నారు. మధ్యాహ్నం ఇసుకలో బండి నిలిపి, ముందు నీడగుడ్డ లాగి, అందంగా ఉంటుందని దాని అంచు పొడవునా మెరిసే బల్బుల తీగ కట్టాను. కట్టాక వెళ్ళి, నీడగుడ్డ అవతల వేసిన వాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. రాత్రిని తలుచుకుని తల పైకెత్తాను. లేచి, బల్బుల తీగ విప్పి, చుట్ట చుట్టి పెట్టెలో పెట్టేశాను.